ఇంకో జత కళ్ళు

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాము. గోడ మీది పటాలన్నీ దించి మంచం మీద పరుస్తుంటే కామాక్షమ్మ గారి పటం వెనక అట్ట చివికిపోయి చేతికి ఊడి వచ్చింది. కొత్త అట్ట వేయించాలని పక్కన పెట్టబోతుంటే, మా ముందుగదిలో ఉండి థీసిస్ రాసుకుంటున్న షబానా వచ్చి పటాన్ని అందుకొంది. పలమనేరు పిల్ల. అణువు లోపలి కణాల మీద పరిశోధన చేస్తూ, రాసుకోవడానికి నెమ్మదైన చోటు కావాలని మదనపల్లెలో మా ఇంటికి వచ్చింది. అలా వచ్చి పోయిన పిల్లల్లో ఆమె ఎన్నోదో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. "సుగుణమ్మా, ఈ గాజుకు మూలన ఏందో చీటీ అంటించి ఉండాదే?" అని అడిగింది. చట్రం అంచు కింద ఇన్నేళ్ళూ దాక్కొని ఉన్న బొటనవేలంత చీటీ. దాని మీద నల్ల సిరాతో ఒక అంకె. కామాక్షమ్మ గారి చేతిరాత. అది చూడగానే ఆ రోజుల్లో మా నాన్న చొక్కాకు ఉండే ఫినాయిలు వాసన నా ముక్కుకు తగిలింది. ఆ చీటీ కథ షబానాకు చెప్పేసరికి ఆ పూటంతా పట్టింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న క్షయరోగుల శానిటోరియంలో ల్యాబు పని చేసేవారు. నాకు ఏడేళ్ళప్పుడు తుంటి ఎముకకు జబ్బు చేసి, నడుము నుంచి మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి పడుకోబెట్టారు. లేచి నడిచేసరికి నా ఈడు పిల్లలు బడిలో ఎన్నో మెట్లు ఎక్కేశారు. ఇక బడి వద్దన్నారు నాన్న. అమ్మ వంటింట్లో సంగటి గెలుకుతూ సువార్తలు పైకి చదివేది, నేను వేలు పెట్టి ఆ అక్షరాల వెంట నడిచేదాన్ని. నా చదువులో సగం అలా రాగిపిండి ఉడికే వాసనతో వచ్చింది. మిగతా సగం నాన్న మైక్రోస్కోపు. ల్యాబులో పని తీరిపోయిన పాత స్లైడులు ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి చూపించేవారు. నీలం నేల మీద సన్నటి ఎర్రటి పుల్లలు. అవే జబ్బు. "ఎన్ని ఉండాయో చెప్పు" అనేవారు. నేను ఆయన్ని సంతోషపెట్టాలని రెండు ఎక్కువ చెప్పేదాన్ని. ఆయన నవ్వకుండా, కోప్పడకుండా, "కనబడింది చెప్పు పాపా. కనబడితే బాగుండునని అనుకొనేది చెప్పొద్దు" అనేవారు. ఇంట్లో చదువుకున్నదానికి నాకు ఏ కాగితమూ లేదు గానీ, ఆ ఒక్క మాట కోసం నాన్నకు, నాన్ననిచ్చిన దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

కామాక్షమ్మ గారు ఊపిరితిత్తుల జబ్బుతో శానిటోరియానికి వచ్చి, నయమయ్యాక కూడా ఈ ఊరి గాలి విడిచిపెట్టలేక మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. పడుచుతనంలో ఆమె మంచు కొండల మీద డేరా వేసుకొని, మందు పూసిన గాజు పలకలను నెలల తరబడి ఆకాశం కింద పెట్టిన మనిషి. ఆకాశం నుంచి మన కంటికి కనబడని కణాలు రాత్రీ పగలూ రాలుతూనే ఉంటాయి. అవి ఆ పూతలో దూరి పోయిన దారి సన్నటి నల్లటి గీతగా మిగులుతుంది. ఆ గీతలను మైక్రోస్కోపులో వెదికి, ఏది ఏ కణమో తేల్చడం ఆమె పని. ఆడవాళ్ళు కాలేజీ గడప తొక్కడమే వింతగా ఉన్న కాలంలో ఆ పని చేసిన కొద్దిమందిలో ఆమె ఒకరు. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు. మాకు తెలిసిందల్లా, ఒక కళ్ళజోడు కంటికి, ఇంకో కళ్ళజోడు నెత్తికి పెట్టుకొని, "నా కళ్ళజోడు చూశారా?" అని వీధంతా అడిగే పెద్దావిడ. ఆదివారం మేము గుడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద కూర్చొని ఉండేవారు. "మీ ప్రార్థన అయిందా? ఇక నా ఆకలికి కూడా ఒక ఆమెన్ చెప్పండి" అని నేరుగా వంటింట్లోకి నడిచేవారు. ఉలవచారు, సంగటి అంటే ఆమెకు ప్రాణం.

ఒక ఆదివారం నేను కిటికీ దగ్గర స్లైడు చూస్తుంటే నా వెనక నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. "ఎవరు నేర్పించారు?" అన్నారు. నాన్న అన్నాను. "రేపు మా ఇంటికి రా. వచ్చేముందు పచ్చళ్ళ జోలికి పోకు, చేతికి నూనె ఉండకూడదు." అంతే. మర్నాటి నుంచి నాలుగేళ్ళు ఆమె కిటికీ బల్ల దగ్గర పలకలు చూశాను. మాకు కావలసింది ఒక రకం గీత: సాఫీగా వచ్చి, ఒకచోట ఆగి, ఆగినచోట ఇంకో గీతను కని తాను పోయేది. ఒక కణం చచ్చి ఇంకో కణం పుట్టిన చోటు అన్నమాట. మేము దాన్ని మలుపు అనేవాళ్ళం. పలకను గళ్ళు గళ్ళుగా చూసుకుంటూ పోయి, మలుపు కనబడితే ఏ గడిలోనో నోటుపుస్తకంలో రాసి బొమ్మ గీయాలి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చూస్తే ఒకటి దొరికేది. దొరకని రోజులే ఎక్కువ.

ఆమె దగ్గర ఒక నియమం ఉండేది. ప్రతి పలకనూ ఇద్దరు చూడాలి. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పకూడదు. మొదటిసారి మలుపు కనబడగానే నేను అరిచేశాను, "అమ్మగారూ, ఇదిగో..." ఆమె రెండు చెవులూ మూసుకొని, "చెప్పొద్దు, చెప్పొద్దు! రాసిపెట్టు!" అని వంటింట్లోకి పరుగెత్తారు. ఆ వయసులో ఆమె పరుగు చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత నింపాదిగా చెప్పారు. "నువ్వు చెప్పావనుకో, నా కన్ను దాన్నే వెదుకుతుంది. అప్పుడు చూసింది ఇద్దరమైనా కళ్ళు ఒక జతే." ఇద్దరి నోటుపుస్తకాలూ నిండాక గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, లక్క ముద్ర వేశారు. ఆ పలకలను చూడని మూడో మనిషి విప్పి పోల్చాలట. "అప్పటిదాకా నేను కూడా నీ పుస్తకం తెరవను" అన్నారు. ఆ మూడో మనిషి దొరక్కముందే నాకు కుప్పం సంబంధం కుదిరింది. నా భర్త అక్కడ రైల్వే స్టేషనులో గుమాస్తా.

నేను పుట్టింటికి వచ్చిన ఒక సమయంలోనే ఆమె మళ్ళీ మంచం పట్టారు. అమ్మ గంజి కాచి పంపితే తీసుకుపోయాను. రెండు గుటకలు తాగి, "సుగుణా, నేను పోయాక నా పేరుతో బండలూ బొమ్మలూ పెట్టనివ్వకు. ఈ కణాల వెంట పడే పిల్లలు ఎవరైనా వస్తే కిటికీ దగ్గర ఒక బల్ల చూపించు. ఒక పూట కూడు పెట్టు. ఇంకో జత కళ్ళు అరువివ్వు. వాళ్ళకు కావలసింది అంతే, నాకు ఆ వయసులో దొరకనిది కూడా అంతే" అన్నారు. నేను మాట ఇచ్చాను. ఆమె పోయాక మైక్రోస్కోపు, పలకల పెట్టె, ముద్ర వేసిన కట్ట కుప్పంలో నా పేరుకు వచ్చాయి. కట్టను ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. నిజం చెప్పాలంటే, దాన్ని ఎవరూ విప్పకపోతే బాగుండునని లోలోపల ఉండేది. బడి ముఖం చూడనిదాన్ని, ఆమె పక్కన కూర్చొని నేను చూసిందంతా ఒట్టి ఊహేమో! విప్పితే బయటపడుతుంది. విప్పనంతకాలం నా నాలుగేళ్ళూ భద్రం.

మూడో మనిషి ఒక మధ్యాహ్నం రైలు దిగి వచ్చింది. పేరు రెడ్డెమ్మ. పెద్దపంజాణి దగ్గర పల్లె, మెట్ట సేద్యం చేసుకొనే ఇల్లు. కోలారు బంగారు గనుల్లో నేల అడుగున, మైలుకు పైగా లోతులో, ఆ కణాలనే పట్టడానికి పరికరాలు పెట్టి ఉండేవి. ఆ పిల్ల అక్కడ పరిశోధన చేస్తోంది. కొండ మీద పట్టినవాటిని గనిలో పట్టినవాటితో పోల్చాలని, కామాక్షమ్మ గారి పలకలు నా దగ్గర ఉన్నాయని తన గురువు చెబితే వెతుక్కుంటూ వచ్చింది. రెండో రోజే ఆమె నాన్న మునెప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఏమ్మే, ఆకాశం మింద నుంచి పడేదాన్ని నేలకింద బోయి యెతకడమేంది? తలకిందులు సదువు గాకపోతే!" అన్నాడు. "నాయినా, నీకు చెప్పినా తెలీదులే" అంది కూతురు. "తెలీకనే గదా ఇన్నేండ్లు సదివించినా. ఇంగ చాలు. ఈ తూరి శెనక్కాయలు పెరికేలోపల అయిపోతే సరి. ల్యాకుంటే పలమనేరు బళ్ళో అయివారమ్మ ఉద్యోగం ఉండాది, ఆడ చేరిపో." వేరుశెనగ విత్తనం అప్పటికే వేశారు. అంటే ఆ పిల్లకు మిగిలిన గడువు నాలుగు నెలలు.

రెడ్డెమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. వారంలో రెండు రోజులు తెల్లవారి బండికి బంగారుపేట, అక్కడి నుంచి గనుల బండి. మిగిలిన రోజులు మా కిటికీ దగ్గర బల్ల. నియమం నియమమే, ఆమె చూసిన పలకను నేను చూస్తాను, మాట్లాడుకోము. మా అత్తమ్మ దేవకృపమ్మకు ఇది అర్థమయ్యేది కాదు. "పక్కపక్కన కూసోని మూగోళ్ళ మాదిరి యాల ఉండారు? కొట్లాడుకున్నారా?" అని రోజూ అడిగేది. వి.కోట పక్క మనిషి, మనసు వెన్న, చేతులు మాత్రం ఊరుకోవు. చెంబు, తలుపు గొళ్ళెం, దీపం చిమ్నీ, ఏది మాసినట్టు కనబడినా తోమాల్సిందే. ఆ పెట్టెలోని పలకలన్నిటిలోకి గీతలు తేటగా ఉన్నది ఒకటుంది. దాన్ని ఆఖరుకు చూద్దామని రెడ్డెమ్మ మెత్తటి గుడ్డలో చుట్టి, విడిగా కిటికీ గూట్లో పెట్టుకొంది. థీసిస్‌కు దాదాపు అదే వెన్నెముక.

కామాక్షమ్మ గారు పోయి ఏడాది నిండింది. ఆమె మా మతం కాకపోయినా జ్ఞాపకార్థ కూటం పెట్టాలని అత్తమ్మ పట్టుబట్టింది. ఆదివారం గుడి నుంచి నలుగురూ వచ్చారు. ప్రార్థన కాగానే అత్తమ్మ లోపలికి పోయి, చీరకొంగు కప్పిన పటం ఒకటి తెచ్చి గోడకు తగిలించింది. కొంగు లాగేసరికి, కొండ మీద శాలువా కప్పుకొని నవ్వుతున్న కామాక్షమ్మ గారు! ఉన్న ఒకే ఒక ఫోటో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అత్తమ్మా, ఎప్పుడు కట్టించినావు?" అన్నాను.

"కట్టించేదేంది, నేనే కట్టినా" అంది అత్తమ్మ మురిసిపోతూ. "అంగట్లో అద్దమడిగితే రేపు రా, ఎల్లుండి రా అంటాండాడు. కిటికీ గూట్లో గుడ్డలో చుట్టి ఒకటి ఉండె. పొగచూరి గోధుమరంగుకు తిరిగిండె పాపం. ఉడుకునీళ్ళలో సోడా వేసి నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమితే సూడు, ముత్యం మాదిరి అయిపాయ!"

రెడ్డెమ్మ లేచి గూడు దగ్గరికి పోయింది. ఖాళీ గుడ్డ చేత్తో పట్టుకొని తిరిగి వచ్చింది. వచ్చినవాళ్ళకు టీలు ఇచ్చి సాగనంపాము. తర్వాత అత్తమ్మకు, ఆమె తోమేసింది పొగ కాదు, గీతలున్న మందు పూత అని చెప్పాను. ఆమె పటం దగ్గరికి పోయి గాజును వేలితో తడిమింది. "ఆ మందు అంగట్లో దొరకదా? మళ్ళీ కాచి పూసేకి కాదా?" అంది. రెడ్డెమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పూయొచ్చవ్వా. ఆ పొద్దు పడిన ఆకాశమే మళ్ళీ పడాల." అత్తమ్మ తల కొట్టుకొంది. "ఒక మూల ఆయమ్మ చేతిరాత చీటీ ఉండె. దాని జోలికి మాత్రం పోలేదు పాపా, తడి తగలకుండా చేత్తో పట్టుకొనే తోమినా" అంది, అదైనా తనకు పుణ్యంగా లెక్కకొస్తుందేమోనని. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

పలక లేకపోయినా దాన్ని చూసిన రెండు జతల కళ్ళు ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. నాకు ఆ క్షణమే తట్టింది. తట్టినా వంటింట్లోకి పోయి చాలాసేపు ఊరికే నిలబడ్డాను. విప్పితే రెడ్డెమ్మ చదువూ నా పరువూ రెండూ నిలబడతాయి, లేదా రెండూ పోతాయి. ప్రభువా, కనబడింది చెప్పే ధైర్యం ఇవ్వు అనుకొని కట్ట తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను. "నువ్వు ఆ పలక చూడలేదు. మూడో మనిషివి నువ్వే" అన్నాను.

నేల మీద కూర్చొని ముద్ర విరిచింది. ఒక పక్క కామాక్షమ్మ గారి పుస్తకం, ఒక పక్క నాది, రెండింట్లోనూ ఆ పలక అంకె ఉన్న పుటలు తెరిచింది. పిల్ల ఒక్కొక్క గడి అంకె పైకి చదువుతుంటే, రెండింటిలోనూ ఉన్నదానికి అత్తమ్మ ఒక వేరుశెనగ విత్తు పక్కన పెట్టాలి. కుప్పలో మొదటి విత్తు పడింది. రెండు. మూడు. నేను గీసిన పిచ్చి బొమ్మా ఆమె గీసిన బొమ్మా పక్కపక్కన పెట్టి రెడ్డెమ్మ, "అక్కా, ఇది ఆయమ్మదా నీదా? నాకు తెలీటంల్యా" అంది. ఇన్నేళ్ళకు నాకు పరీక్షలో మార్కులు వచ్చాయి. ఆమె చూసినవి పన్నెండు, నేను చూసినవి పది, ఇద్దరికీ కనబడినవి ఎనిమిది. నేను చూసిన రెండు ఆమెకు కనబడలేదు!

"అయితే మిగిలినవి తప్పులా?" అంది అత్తమ్మ భయంగా.

"కాదవ్వా. అమ్మగారు చూసిన పన్నెండులో అక్కకు దొరికింది ఎనిమిది. అంటే మూడింటికి రెండు అక్క కంట్లో పడతాయి. అట్లా చూసే అక్కకు మొత్తం పది దొరికినాయంటే, పలకలో పదిహేను దాకా ఉండాల. ఇద్దరివీ కలిపితే పద్నాలుగు. ఇంకొకటి యాడో ఉండాది, ఇద్దరికీ కనబడలా."

అత్తమ్మ విత్తులను అరచేతిలోకి తీసుకొంది. "కనబడనిదాన్ని కూడా లెక్కేసేకి వస్తుందా? మా పాస్టరయ్య ఇన్నేండ్లుగా చెప్తాండేది నాకు ఇప్పుడు తెలిసె" అని, ఎనిమిది విత్తులూ నోట్లో వేసుకొంది. పొద్దున్నించీ ఆమె తిన్నది అదే.

రెడ్డెమ్మ గురువు ఉత్తరం రాశారు. ఒక్కరి పుస్తకమే అయితే ఒప్పుకోనని, విడివిడిగా చూసిన రెండు ఉన్నాయి గనుక ఒప్పుకుంటున్నానని, అయితే పలక ఎలా పోయిందో దాచకుండా రాయాలని. పుంగనూరులో టైపు చేయించడానికి ముగ్గురం బస్సెక్కి పోయాం. టైపు చేసే ఆయన ఒకచోట ఆగి, "శుభ్రం చేయబడినందున ఈ పలక ఇప్పుడు లేదు అని రాసిండారు. తప్పేమో చూడండమ్మా" అన్నాడు. "తప్పే నాయనా. నేను చేసిందే. కొట్టు" అంది అత్తమ్మ.

మునెప్ప తానన్న మాట ప్రకారం వచ్చాడు, భుజాన కొత్త శెనక్కాయల మూటతో. "మేము పెరికేస్తిమి. నీదేమాయ?" అన్నాడు. కూతురు అట్ట వేసిన థీసిస్ చేతికిచ్చింది. ఆయన దాన్ని తిరగేసి మరగేసి, బరువు చూసి, పక్కన పెట్టి మైక్రోస్కోపు దగ్గరికి నడిచాడు. కన్ను ఆనించడం చేతకాక చాలాసేపు అవస్థపడ్డాడు. "ఏందిమే ఇది, చీమ నడిచినట్టుండాది" అన్నాడు. "ఆడ ఆగింది సూడు నాయినా. ఆగి ఇంకొకటయిపోయింది." ఆయన తల ఎత్తలేదు. కాసేపటికి, "ఇంకోటి యాడుండాదో సూపియ్యి" అన్నాడు. పలమనేరు ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. పోతూ పోతూ మూట మా ఇంట్లోనే దించి, "ఇట్లాంటి పిచ్చి పిల్లోళ్ళు ఇంగా వస్తారేమో, ఉంచమ్మా" అన్నాడు. బతికినంతకాలం ఏటా ఒక మూట పంపాడు. ఆ రోజుల్లో వచ్చిన పిల్లలందరూ మా కిటికీ దగ్గర ఆయన కాయలే ఒలుచుకు తిన్నారు.

నా భర్త రిటైరయ్యాక మదనపల్లెలో నాన్న ఇంటికే వచ్చేశాము. అత్తమ్మ లేదు. రెడ్డెమ్మ పెద్ద ప్రొఫెసరై, తన దగ్గరి పిల్లలను నా దగ్గరికి పంపుతూ ఉంటుంది. ఇప్పటి పిల్లలు పలకలు చూడరు. లక్షల గీతలను కంప్యూటరు క్షణంలో చూసేస్తుందట. నా కళ్ళతో ఎవరికి పని, కూడు మాత్రం పెడితే చాలులే అనుకొనేదాన్ని. షబానా ఒప్పుకోలేదు. "ఇప్పుడూ అంతే సుగుణమ్మా. ఒకే సంగతిని రెండు గుంపులు విడివిడిగా చూస్తాయి. ఇద్దరూ తేల్చుకొనేదాకా ఒకరి గుట్టు ఒకరికి చెప్పుకోరు" అంది. నియమం కామాక్షమ్మ గారి కన్నా పాతదేమో, నాకు తెలియదు. నాకు మాత్రం అది ఆమె చెవులు మూసుకొని వంటింట్లోకి పరుగెత్తిన శబ్దంతోనే వినబడుతుంది.

కథ అయిపోగానే షబానా ఆ చీటీ అంచును ఆవిరి పట్టి నెమ్మదిగా లేపింది. కింద బొటనవేలంత మేర పూత అలాగే ఉంది, గోధుమరంగులో, చెక్కు చెదరకుండా. చీటీ కిందిది గనుక కామాక్షమ్మ గారు చూడలేదు, నేనూ చూడలేదు. అప్పటి పదిహేను లెక్కలోకి అది రాదని నాకు తెలుసు. అది వేరే గడి, ఎవరి కన్నూ పడని గడి. పాత మైక్రోస్కోపు తుడిచి కిటికీ దగ్గర పెట్టాను. షబానా ఎప్పుడూ దాంట్లో చూడలేదు, మొదట తన రెప్పలే కనబడుతున్నాయంది. తర్వాత చూపు కుదిరింది. నేను వంటింట్లో ఉలవలు వార్చి వచ్చేసరికి కూడా కన్ను తీయలేదు. నాకు పోయిన ఏడు రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు, దేవుని దయవల్ల చూపు తేటగానే ఉంది.

ఉన్నట్టుండి ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. "సుగుణమ్మా! సూడు, ఈడ..."

నేను రెండు చెవులూ మూసుకున్నాను.

"చెప్పొద్దు. రాసిపెట్టి లే. నేను చూస్తాను."